కుంకుడు రసంలో నానిన గ్లవ్

మొన్న శనివారం మధ్యాహ్నం, సిడ్నీ శివార్లలోని క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి వెనక వసారాలో, జూలై చలికి వీపు ఎండకి పెట్టుకుని కమలాపండు వలుచుకుంటూ ఉంటే ఫోను టింగుమంది. ముప్పై ఏళ్ళ కిందట నాతో కలిసి ఐస్ హాకీ ఆడిన మిత్రుడొకడు, ఇల్లు మారుతూ అట్టపెట్టెలు సర్దుతుంటే దొరికిన పాత వీడియో క్యాసెట్టుని ఎవరిచేతనో ఫోనులోకి ఎక్కించి, మా జట్టు గ్రూపులో పెట్టాడు. ఆ క్యాసెట్లలో బొమ్మ ఎలా ఉంటుందో మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అంచులు వణుకుతూ, రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారుతూ, నిన్న తెల్లవారుజామున వచ్చిన కలలాగా ఉంటుంది. ఆ వణికే తెల్లదనం మధ్యలో, గోలు ముందు, కాళ్ళకి పరుపులు కట్టుకున్నట్టున్న ఆకారం ఒకటి వంగి నిలబడి ఉంది. అది నేనే.

అవును, ఐస్ హాకీయే. గుంటూరు జిల్లాలో పుట్టినవాడు మంచుమీద గోలు కాయడమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆ నవ్వు నాకు బాగా అలవాటే. నాన్నగారికి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం దొరికి మేము సిడ్నీ వచ్చేనాటికి నాకు పదేళ్ళు. అంతకుముందు మంచంటే నాకు తెలిసింది గోళీసోడా బండి మీద రంపపు పొట్టులో చుట్టి పెట్టే దిమ్మ మాత్రమే. బళ్ళో పిల్లలందరినీ ఒకనాడు బస్సులో ఎక్కించి, మా పడమటి శివార్లలో ఉన్న ఐస్ స్కేటింగ్ రింకుకి తీసుకెళ్ళారు. బయట ఎండకి తారు మెత్తబడుతోంది, తలుపు తోసి లోపల అడుగుపెడితే ఒక్కసారిగా చలి, గాలిలో తడిసిన ఇనుము వాసన, కళాయి వేసిన పళ్ళెంలా మెరుస్తున్న నేల. ఆ తలుపు దగ్గర నిలబడిపోయిన పిల్లవాడు ఇప్పటికీ నాలో అక్కడే నిలబడి ఉన్నాడేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

స్కేట్లు కట్టుకుని పావుగంటలో పన్నెండుసార్లు పడ్డాను. అక్కడ నేర్పించే ముసలి కోచ్, నిలబడలేనివాడికి నిలబడే పనే ఇవ్వాలనుకున్నాడో ఏమో, నన్ను గోలు ముందుకి తోశాడు. మిగతావాళ్ళంతా పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో కొడుతూ నా మీదికి దూసుకొస్తారు, దాన్ని నేను లోపలికి పోనివ్వకూడదు, అంతే పని. చేత్తో, కాలితో, పొట్టతో, దేనితో ఆపినా సరే. అందరికన్నా బాగా స్కేటింగ్ రావలసింది గోల్‌కీపరుకేనని ఆ తరవాత తెలిసిందిగానీ, అప్పటికే నేను ఆ ఆరడుగుల ఇనపచట్రంతో ప్రేమలో పడిపోయి ఉన్నాను. ముసుగు వేసుకున్నాక ప్రపంచం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఎలా చెప్పను? నా ఊపిరి నాకే వినబడుతూ, జనం అరుపులు ఎక్కడో పక్క వీధిలో పెళ్ళి మేళంలాగా వినబడుతూ, కళ్ళముందు ఆ నల్లచుక్క ఒక్కటీ కదులుతూ ఉంటుంది.

ఆటలో అందరూ కలిసి కేకలు వేసుకుంటారు, గోల్‌కీపరుని మాత్రం మ్యాచికి ముందు ఎవరూ పలకరించరు. అదొక ఆచారం. అతని సామాను ఇంకొకరు తాకరు. అందులోనూ ఎడమచేతికి తొడుక్కునే గ్లవ్ ఉందే, పక్‌ని గాలిలో పట్టుకోవడానికి వాడే ఆ తోలు తొడుగు, అది కొన్నప్పుడు చెక్కలా ఉంటుంది. దాన్ని మన చేతికి అలవాటు చేసుకోవడానికి రెండేళ్ళు పట్టేది. లోపల బంతి పెట్టి బెల్టుతో బిగించి దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. నా చెమటకి నాని, నా వేళ్ళ మడతలు దానికీ వచ్చాక, తలుచుకుంటే చాలు మూసుకునేది. దాని వాసన మాత్రం భరించలేం. మా అమ్మ ముక్కు మూసుకుని గరాజులోకి కర్రతో నెట్టేది.

ఇరవై రెండో ఏట, యూనివర్సిటీలో చదువు సగంలో ఆపి, ఐరోపాలో బాగా ఉత్తరాన ఒక చిన్న ఊరి జట్టుకి రెండో గోల్‌కీపరుగా వెళ్ళాను. నా వృత్తిజీవితం అనేది ఏదైనా ఉంటే అదే, ఆ ఒక్క శీతాకాలం. జీతం తీసుకుని గోలు కాసిన తెలుగువాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి, సంతోషిస్తాను. మధ్యాహ్నం మూడింటికే చీకటిపడే ఊరది. రొట్టెల దుకాణం వాళ్ళకి కూడా నా పేరు తెలుసు, పలకడమే రాదు. మొదటి గోల్‌కీపరు మోకాలు దెబ్బతినబట్టి ఏడు మ్యాచులు ఆడాను, మిగతా రోజుల్లో ఆటగాళ్ళు మంచు మీదికి వెళ్ళొచ్చే బెంచీ తలుపు తీసి మూసే ఉద్యోగం చేశాను. అయినా, పొద్దున్నే నీలంగా మెరిసే మంచు మీదుగా గ్లవ్ చంకలో పెట్టుకుని రింకుకి నడిచివెళ్ళిన ఆ బాట, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కాళ్ళకింద కరకరలాడుతుంది.

అక్కడ వసంతం రాగానే ఇంటికి వచ్చాను. ఇక్కడ హాకీ ఆడేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఇక్కడి చలికాలంలో కనక, మా పాత జట్టుకి ఆడటం మొదలుపెట్టాను. సెప్టెంబరులో ఫైనల్. ఆ ఉత్తరాది ఊరి కోచ్ సెలవులకి సిడ్నీ వస్తున్నాననీ, ఆ మ్యాచి చూసి నన్ను మొదటి గోల్‌కీపరుగా మూడేళ్ళకి తీసుకునే సంగతి తేలుస్తాననీ కబురు పంపాడు. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి. నా జీవితం మొత్తం ఆ ఆదివారం మధ్యాహ్నం మీద ఆధారపడి ఉందని నేను రోజుకి నాలుగుసార్లు చెబుతూ ఉంటే తెలియకేం చేస్తుంది?

ఆ ఆదివారమే వినాయక చవితి అయింది. మనవైపు ఆ పండక్కి పిల్లల పుస్తకాలకి పసుపురాసి దేవుడి దగ్గర పెడతారు కదా. నేను చదువు మానేసినవాణ్ణి, నాకు పుస్తకాలెక్కడివి? పొద్దున తలంటుకుని దేవుడి గదిలోకి వెళ్ళాను. పెరట్లో దొరికిన నిమ్మాకులూ గడ్డిపరకలే పత్రిగా, మట్టి వినాయకుడి ముందు, నాలుగు పక్కలా పసుపురాసి కుంకుమ బొట్లు పెట్టిన నా ఎడమచేతి గ్లవ్ ఉంది. గురువారం ప్రాక్టీసు అయ్యాక గరాజులో పడేసినదాన్ని మళ్ళీ చూసుకోలేదు నేను. ఎంత శుభ్రంగా ఉందో! చేతిలోకి తీసుకుంటే వేయించని అప్పడంలా బిర్రబిగుసుకుపోయి ఉంది. మూయబోతే టప్పున బొటనవేలి దగ్గర చీలింది.

"తోలు కదరా, కడక్కుండా దేవుడి దగ్గర ఎలా పెట్టను? కుంకుడు రసంలో రాత్రంతా నానబెట్టి, రెండు రోజులు ఎండలో ఆరేశా. వాసన చూడు, ఇప్పుడెంత బావుందో," అంది అమ్మ, మెప్పు కోసం నా ముఖంలోకి చూస్తూ.

ఇండియా నించి తెచ్చుకున్న కుంకుడుకాయలు, తన తలకి కూడా లెక్కగా వాడుకునేవి, అన్నీ దానికే ఖర్చుపెట్టింది. ఆ మాట నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం, పండగపూట, దేవుడి ముందు, నా వస్తువు ముట్టుకునే ముందు నన్ను అడగాలని తెలీదా నీకు అని అరిచాను. నాన్నగారు పూజ పుస్తకం మూసేశారు. అమ్మ ఉండ్రాళ్ళ గిన్నె మీద మూత సరిచేసింది.

మా జట్టు రెండో గోల్‌కీపరు గ్లవ్ అడిగి తీసుకుని ఆడాను. అమ్మా నాన్నా నా ఆట చూడటానికి రావడం అదే మొదటిసారి. పండగ పట్టుచీర మీద నాన్నగారి కోటు కప్పుకుని, పక్ నావైపు వచ్చినప్పుడల్లా అమ్మ రెండు చేతులతో కళ్ళు మూసేసుకుందట. ఇప్పుడు మీకు నిజం చెబుతాను. ఆ పరాయి గ్లవ్‌తో నేను అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. కోపం పనిచేసిందో, వినాయకుడే కరుణించాడో, పక్‌లు వాటంతట అవే వచ్చి చేతిలో వాలాయి. ఆట సమానంగా ముగిసి, అదనపు సమయం ఇచ్చారు, అందులో ఎవరు గోలు కొడితే వాళ్ళదే కప్పు. నేను గాలిలోకి లేచి ఒక పక్ పట్టాను. జనమంతా లేచి నిలబడ్డారు. దాన్ని పక్కకి వదిలేశాక, ఆట సాగుతూనే ఉంది, నేను తలెత్తి పైవరసలో కూర్చున్న ఆ ఉత్తరాది కోచ్ వైపు చూశాను. ఆయన తన పుస్తకంలో ఏదైనా రాసుకుంటున్నాడా అని, అంతే. ఒక్క క్షణం.

ఆ క్షణంలోనే అవతలివాడు దూరం నుంచి ఊరికే ఒక దెబ్బ కొట్టాడు. పక్ చంటిపిల్లలు ఆపేంత నెమ్మదిగా జారుతూ వచ్చి నా రెండు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. చేతికీ దానికీ సంబంధమే లేదు.

కోచ్ నాతో చెయ్యి కలిపి, మంచి మాటలు నాలుగు చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర నుంచి మళ్ళీ కబురు రాలేదు. తిరిగి వస్తుంటే కారులో అమ్మ ముందుసీటులోంచి వెనక్కి తిరగకుండానే, "నా వల్లేరా. ఆ గ్లవ్ ఉంటే ఆపేవాడివి," అంది. అమ్మ కళ్ళు మూసుకుంది, నాన్నగారి కంటికి అంత దూరాన పక్ ఆననేలేదు. మా కారులో ఉన్న ముగ్గురిలో, పక్ ఎటునుంచి వెళ్ళిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్న ఇరవైమూడేళ్ళవాడికి ఆ మాట ఎంత హాయిగా ఉందో.

యూనికి తిరిగివెళ్ళి చదువు పూర్తి చేసుకుని, కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చే పనిలో ఇన్నేళ్ళూ బతికాను. ఆ తరవాత ఇంకో పదేళ్ళు సరదాకి గోలు కాశాను కూడా. కానీ అమ్మ ఆ రోజు నుంచి నా వస్తువు ఏదైనా సరే, చొక్కా అయినా చెంచా అయినా, ముట్టుకోనా నాన్నా అని అడగకుండా ముట్టుకోలేదు. వద్దన్నా వినదు, అడుగుతుంది. నాన్నగారు పోయాక మా ఇంటికి వచ్చి ఉంటున్నా, వాషింగ్ మెషీన్ ముందు నా బట్టలు చేతికి తగిలితే పక్కకి పెట్టి నా కోసం ఎదురుచూస్తుంది. చుట్టాలొస్తే, మావాడు చాలా పెద్ద ఆటగాడయ్యేవాడమ్మా, నేనే చేజేతులా పాడుచేశాను అని చెబుతుంది. నేను అప్పుడు టీ తేవడానికి లేచి వెళతాను. ఇన్నేళ్ళలో ఎన్ని టీలు తెచ్చానో.

నా భార్యకి తెలుసు, పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాను. మొన్న ఆ వీడియో వచ్చాక మూడు రోజులు నేను ఫోను బోర్లా పెట్టుకుని తిరుగుతూ ఉంటే, "అత్తయ్యకి చూపించెయ్యండి. టీవీలో పెడితే బిగ్ స్క్రీన్ మీద క్లియర్‌గా కనపడుతుంది," అంది. వచ్చే నెలలో చూద్దామన్నాను. "ఆవిడకి ఎయిటీ టూ," అంది.

మంగళవారం టిఫిను తిన్నాక అమ్మని సోఫాలో కూర్చోబెట్టి వీడియో వేశాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక తన చూపు నా చూపుకన్నా బాగుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నేను పక్ పట్టుకున్నప్పుడల్లా అబ్బో అనుకుంటూ, కోటు కప్పుకున్న తనని జనంలో వెతుక్కుంటూ చూసింది. చివరి గోలు పడింది. నేను రిమోటు వైపు చెయ్యి చాపాను.

"మళ్ళీ వెయ్యి," అంది.

మళ్ళీ వేశాను. మూడోసారీ వేయించుకుంది. మూడోసారి పక్‌ని చూడలేదు తను, ముసుగు వేసుకున్న నా తలని చూసింది.

"అక్కడ పైకి ఎటు చూస్తున్నావురా?"

చెప్పాను. కోచ్ సంగతి, పుస్తకం సంగతి, కారులో కిటికీలోంచి ఎందుకు చూస్తూ కూర్చున్నానో ఆ సంగతి, అన్నీ. ఆ గ్లవ్ ఉన్నా అది ఆగేది కాదమ్మా అన్నాను. అమ్మ కళ్ళజోడు తీసి చీరకొంగుతో చాలాసేపు తుడుచుకుంది.

"ఆ రోజే చెబితే ఏం పోయేదిరా నీ సొమ్ము," అని లేచి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. భోజనానికి వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. నా పళ్ళెం ముట్టుకోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఈ వయసులో.

ఇప్పుడు ఆ రింకు లేదు. ఆ స్థలంలో సామాన్లు దాచుకునే గోదాములు వచ్చాయి, వాటి పక్కనుంచి కారులో వెళుతుంటే తడిసిన ఇనుము వాసన వస్తుందేమోనని అలవాటుకొద్దీ కిటికీ దించుతాను. గ్లవ్‌లు కూడా మారిపోయాయి, కొన్ననాడే వేళ్ళు మూసుకునేవి, నీళ్ళలో ముంచినా ఏమీ కానివి వచ్చాయట. దిండు కింద పెట్టుకుని పడుకోవలసిన వస్తువు లేని ఆటగాళ్ళు కలలు ఎలా కంటారో నాకు తెలియదు. ఆ ఉత్తరాది ఊళ్ళో మూడేళ్ళు గోలు కాసి ఉండవలసిన మనిషొకడు నాలోపల ఎక్కడో నీలపు మంచు మీద ఇంకా నడుస్తూనే ఉన్నాడు, వాడిని ఇన్నాళ్ళూ అమ్మ ఒక్కతే ఏడ్చి బతికించింది, నా అబద్ధం మీద.

బుధవారం పొద్దున నడక నుంచి తిరిగి వచ్చేసరికి పెరట్లో దండెం నిండా నా బట్టలున్నాయి. చొక్కాలు, లుంగీలు, చేతిరుమాళ్ళు, అన్నీ. వాటి చివర, డ్రై క్లీనింగ్‌కి తప్ప ఇవ్వకూడదని నేను దాచుకునే ఖరీదైన ఉన్ని స్వెట్టరు, వేణ్ణీళ్ళలో ఉతికితే ముడుచుకుపోయి, ఎనిమిదేళ్ళ పిల్లవాడిదంత అయి, నీళ్ళోడుతూ వేలాడుతోంది. అమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని ఎండలో కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా ఏమీ అడగలేదు.

దాని చేతులు నాకు మోచేతుల దాకానే వస్తున్నాయి. అదే తొడుక్కుని ఇది రాస్తున్నాను.