మా డిపార్టుమెంటులో అనంతం ఆరు

నేను లెక్కల్లో డాక్టరేటు చేశానంటే చిత్తూరు దగ్గర మా ఊళ్ళో అందరూ ఒకటే మాట అంటారు. "లెక్కల్లో ఇంగ కనిపెట్టేదానికి ఏముండాదిప్పా? అన్నీ ఎప్పుడో కనిపెట్టేసినారు గదా!" మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తేలని లెక్కలు ఇంకా ఎన్నో ఉన్నాయనీ, కాలవలో నీళ్ళు పారే తీరు చెప్పే సమీకరణాలకు ఎల్లప్పుడూ సరైన జవాబు ఉంటుందో లేదో ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదనీ వాదనకు దిగేవాణ్ణి. ఇప్పుడు దిగను. ఆ మాట అడగాల్సింది నన్ను కాదు. తిరుపతిలో, యూనివర్సిటీ రెండో అంతస్తులో, నా పక్క బల్ల దగ్గర కూర్చున్న అక్కను.

అక్క నాకు సొంత అక్క కాదు. నాకంటే నాలుగేళ్ళ ముందు చేరిన స్కాలర్. వడమాలపేట నుంచి రోజూ పల్లెవెలుగు బస్సులో వచ్చేది. మొగుడికి పుత్తూరులో ఎరువుల అంగడి. ఇంట్లో అత్త. చదువు చదువని ఈ వయసులో తిరుపతికి ఎందుకు పోతుందో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, అయినా పోనిచ్చారు. నేను చెబుతున్న ఏడాది ఆమెకు ఎనిమిదోది. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగింపు లేదు, జూన్ ఆఖరులోగా థీసిస్ ఇవ్వాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. ఐదు అధ్యాయాల్లో ఐదూ అయిపోయాయి. బైండింగు ఒక్కటే మిగిలింది.

మేం చేసేది ఏమిటో చెబుతాను, భయపడకండి. ఒక వేడి రేకు ఉంటుంది. దాని మీదుగా ఒక ద్రవం పారుతుంటుంది. రేకు దగ్గర ద్రవం వేడెక్కుతుంది, దూరం పోయేకొద్దీ చల్లబడి నెమ్మదిస్తుంది. రేకు ఎంత త్వరగా చల్లబడుతుందో లెక్క కట్టాలి. అంతే. దీన్ని ఎప్పుడో ఎవరో చేసేశారు. కాబట్టి మేం దానికి ఏదో ఒకటి కలిపేవాళ్ళం. ఒకరు అయస్కాంతం కలిపితే, ఇంకొకరు రేకుకు చిల్లులు పెట్టేవాళ్ళు. మరొకరు ద్రవంలో లోహపు నలుసులు వేసేవాళ్ళు. కలిపిన ప్రతిసారీ ఒక పేపరు. ఉప్మాలో ఒకరోజు క్యారెట్టు, ఒకరోజు బఠాణీలు వేసి పేరు మార్చినట్టు. నేను నవ్వుతూ రాస్తున్నాను గానీ, అదే ఉప్మా తిని నేనూ పెద్దవాణ్ణయ్యాను.

లెక్క కట్టేది కంప్యూటరు. దానికో ప్రోగ్రాం ఉండేది. అది ఎవరు రాశారో మాకు తెలియదు. సీనియర్ దగ్గర్నుంచి జూనియర్‌కు పెన్‌డ్రైవులో వచ్చేది. ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి కొండ కింద గుడికి పోయి, పెన్‌డ్రైవును దేవుడి ముందు పెట్టి, ఒక మూల కుంకుమ బొట్టు అద్ది ఇవ్వాలి. పుచ్చుకునేవాళ్ళు రెండు చేతులా పుచ్చుకోవాలి. నాకు ఇచ్చింది అక్కే. "సమీకరణంలో టర్మ్‌లు నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో. ప్రోగ్రాంలో అన్నిటికన్నా పైలైను మాత్రం కదిలించొద్దు. మాకు ఇచ్చినోళ్ళు అట్ల సెప్పినారు" అంది.

ఆ పైలైనులో ఉన్నది అనంతం. రేకు నుంచి ద్రవం ఎంత దూరం ఉందంటే, కాగితం మీద అనంతం దాకా. కంప్యూటరుకు అనంతం తెలియదు, అంకె కావాలి. మా డిపార్టుమెంటులో ఆ అంకె ఆరు. నా ముందువాళ్ళకూ ఆరే, వాళ్ళ ముందువాళ్ళకూ ఆరే. ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్నట్టు, ఆరంటే ఆరు. ఆరెందుకని ఒక్కడూ అడగలేదు. నేనూ మూడేళ్ళు అడగలేదు.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఎండ పైన రేకుల కప్పు మీద పడి గది కుంపటిలా ఉంది. నేను అక్క చివరి అధ్యాయం గ్రాఫులు చూస్తున్నాను, అచ్చుతప్పులుంటే చెప్పమని ఆమే ఇచ్చింది. గీత మెల్లగా దిగివచ్చి కింది గీత మీద తాకీతాకనట్టు పడుకోవాలి, బస్టాండులోకి వచ్చి ఆగే బస్సులాగా. అక్క గీతలు అలా లేవు. ఆరు దగ్గర గోడకు గుద్దుకున్నట్టు టక్కున పడ్డాయి. నా గీతలు తీసి చూసుకున్నాను. నావీ అంతే. ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నాయి.

పైలైనులో ఆరు తీసి ఇరవై పెట్టాను.

అక్క థీసిస్ మొత్తానికి ప్రాణం ఒక మలుపు. ద్రవం వేడిని వెదజల్లడం పెంచుతూ పోతే రేకు చల్లబడే వేగం తగ్గుతూ వచ్చి, ఒకచోట తిరిగి పెరుగుతుందని ఆమె చూపించింది. ఇంతకుముందు ఎవరూ చూపించలేదు. ఇరవై పెట్టేసరికి ఆ మలుపు లేదు. గీత తిన్నగా కిందికి సాగిపోయింది. ఆ మలుపు ద్రవంలో ఎన్నడూ లేదు, మేం పెట్టిన గోడలో ఉంది.

ఇక్కడ నా బుద్ధి గురించి నిజం చెప్పాలి. నాకు భయం వేయలేదు, బాధ కలగలేదు. కనిపెట్టానన్న పొగరు తలకెక్కింది. ఆమెకు ఇంకా ఐదు వారాలే ఉన్నాయన్న ఆలోచన కూడా రాలేదు.

"అక్కా, ఇది సూడు. ఆరు తీసి ఇరవై పెట్టినా. నీ మలుపు పోయింది."

ఆమె నవ్వింది. "ఏదో గలీజు చేసుంటావు. మళ్ళా నడుపు."

మళ్ళీ నడిపాను. పదిహేను పెట్టినా, ఇరవై పెట్టినా, ముప్పై పెట్టినా జవాబు ఒకటే. ఆరు పెడితేనే వేరు. అక్క నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత తన బల్ల దగ్గరికి పోయి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది.

మూడు రోజులు చేత్తో లెక్క కట్టింది. పాత జవాబుపత్రాల వెనకవైపు రాసేది, ఆ కట్ట ఇంత లావైంది. నాలుగో రోజు వచ్చి చెప్పింది. మొట్టమొదటివాడి లెక్కలో ద్రవం నాలుగు దాటేసరికే నెమ్మదించేది, కాబట్టి ఆయన పెట్టిన ఆరు సరిపోయింది. ఆయన తప్పు చేయలేదు. తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కటి కలిపేకొద్దీ వేడి దూరం దూరం పోయింది. ఆరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. "నా ఐదిట్లో నాలుగు పోయినాయి" అంది. ఏడవలేదు. నేను ఆమె మొహం చూడలేక ఫ్యాను వైపు చూశాను.

మా ఇద్దరి రీసెర్చికీ గైడు ఒక్కరే, ఆయన దగ్గరికి పోయాం. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. హాస్టల్లో సీటు దొరక్కపోతే తానే వెళ్ళి అడిగే మనిషి. ఎవరికి జ్వరం వచ్చినా ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపే మనిషి. అక్క కాగితాల కట్ట విప్పి అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అర్థమైంది ఆయనకు, మాకంటే త్వరగా అర్థమైంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ ఆరు మా గురువుగారి కాలం నుంచీ ఉండాదమ్మా."

"ఆయన లెక్కకు సరిపోయింది సార్. మన లెక్కలకు సరిపోదు."

"ఈణ్ణించి ఎంతమంది డాక్టర్లయి పోయినారో తెలుసునా? వాళ్ళ ఉద్యోగాలన్నీ ఈ ఆరు మీదనే ఉండాయి. నీదొక్కటీ కాదు." నా వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వు గూడా సూసినావా?"

కనిపెట్టింది నేను. ఇరవై కొట్టింది నా వేలు. నోరా వీపుకు తేకే అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది, ఆ ఒక్క పాఠం మాత్రం నాకు బాగా వంటబట్టింది.

"నేను సరిగ్గా సూడలేదు సార్" అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయానని రాయాలని ఉంది. అది అబద్ధం. ఆ క్షణంలో నాకు కలిగింది నిమ్మళం. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చాక ఇంక పోలేదు. అక్క నా వైపు తిరిగి చూడలేదు. ఆయనతోనే మాట్లాడింది.

"ఆరు నెలలుంటే సరిచేసి ఇస్తాను సార్."

"ఆరు నెలలు యాడ తెచ్చేదమ్మా? రూలు నా చేతిలో లేదు. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్. థీసిస్ ఎవురు సదవతారు?"

"నేను సదివినాను గదా సార్" అంది.

జూన్ ఆఖరు వచ్చింది, పోయింది. ఆమె ఇవ్వలేదు. ఆఫీసులో గుమాస్తా రిజిస్టరులో ఆమె పేరు మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టి, ఆ కుర్చీని కొత్త స్కాలర్‌కు ఇచ్చాడు. నేను రెండేళ్ళ తర్వాత నా థీసిస్ ఇచ్చాను. ఆరుతోనే ఇచ్చాను. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు గ్రాఫులు చాలా అందంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. చిత్తూరు రోడ్డులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడుకు జీతం కూడా వస్తోంది.

పోయిన నెల చుట్టాలింట్లో పెళ్ళికని తిరుపతి నుంచి పుత్తూరు బస్సెక్కాను. వడమాలపేటలో అక్క ఎక్కింది. జుట్టు నెరిసింది. చంకలో పరీక్షపేపర్ల కట్ట, ఏదో ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతోందట. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె చూసేసింది.

"జరుగు నాయనా. ఏం, డాక్టరుగారు మమ్మల్ని గుర్తు పట్టరా?"

జరిగాను. పెళ్ళాం పిల్లల గురించి అడిగింది. తన గురించి ఒక్కటే చెప్పింది. "ఎనిమిదేండ్లు తిరిగి ఏం తెచ్చినావని మా అత్త సచ్చిపోయేదాకా అడిగింది. ఏమని సెప్పేది? ఆరు తప్పని కనుక్కొచ్చినానని సెప్పేదా?"

కనుక్కున్నది నేను, ఆమె కాదు. కానీ గైడుగారి గదిలో నేను చూడలేదన్నాక అది ఆమెదే అయింది.

పుత్తూరు దగ్గర పడుతుండగా అడిగింది. "నీ కింద గూడా స్కాలర్లు ఉండారంట గదా. ఇప్పుడు పైలైనులో ఎంత పెట్టిస్తా ఉండావు?"

"ఇరవై అక్కా" అన్నాను.

ఆమె మొహం విచ్చుకుంది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆమె మొహంలో వెలుగు నేను చూడటం అదే మొదటిసారి. నా చేతి మీద చెయ్యి వేసింది. "పోన్లే. అయితే నేను వట్టిగా పోలేదు" అని కట్ట ఎత్తుకుని దిగిపోయింది.

ఆ శుక్రవారం కాలేజీకి కాస్త ముందే పోయాను. ప్రోగ్రాం కోసం కొత్తగా చేరిన అమ్మాయి నెల రోజులుగా అడుగుతోంది. ఫైలు తెరిచాను. పైలైనులో ఆరు. అది తీసి ఇరవై కొట్టి, నా నాలుగో అధ్యాయం లెక్కను నడిపాను. నాకు ఉద్యోగం తెచ్చిన పేపరు అదే. గీత తిన్నగా సాగిపోయింది. అందులో నేను చూపించిన మలుపూ లేదు. దాని మీదే ఇప్పుడు నా స్కాలర్లు ఇద్దరు పనిచేస్తున్నారు, ఒకడిది వచ్చే నెల సబ్మిషన్.

తలుపు దగ్గర ఆ అమ్మాయి నిలబడింది. తలస్నానం చేసి వచ్చింది, జుట్టు ఇంకా తడిగా ఉంది. ఇరవై చెరిపి ఆరు కొట్టి సేవ్ చేశాను. పెన్‌డ్రైవుకు మూలన బొట్టు అద్ది ఇచ్చాను. ఆమె రెండు చేతులా పుచ్చుకుని, నా కంప్యూటరు వైపు వంగి చూసింది.

"సార్, ఈ పైన ఆరు ఏంది సార్?"

"అది అనంతం" అన్నాను. "దాన్ని కదిలించొద్దు."