కళ్లకు తువ్వాలు కట్టుకునే బాబాయి

మా బాబాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే మొదట చేసే పని కళ్లకు తువ్వాలు కట్టుకోవడం. లోకంలో మెకానిక్కులందరూ చూసి బాగుచేస్తారు, ఈయన చూడకుండా బాగుచేస్తాడు. "చూస్తే అదేమన్నా పాడైపోతుందా?" అని పిన్ని నెత్తీనోరూ కొట్టుకుంటుంది. "నేను పాడైపోతాను" అంటాడు. ఒకసారి మౌసనుకుని సబ్బుబిళ్లను బల్లమీద అటూ ఇటూ జరుపుతూ, "పాతదైపోయింది, జారుతోంది" అన్న ఘనుడు.

మా ఆఫీసులో చూపులేని ఒకావిడ కొత్తగా టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. ఆమెకిచ్చిన కంప్యూటర్ మూగది. తెరమీద ఉన్నది చదివి వినిపించేలా దాన్ని తయారుచేయడం ఎవరికీ చేతకాలేదు. గత్యంతరం లేక నేను బాబాయిని తీసుకెళ్లాను.

వస్తూనే తువ్వాలు బిగించాడు. తడుముకుంటూ వెళ్లి ఓ కుర్చీలో కూలబడి, టకటకా ఏవో మీటలు నొక్కాడు.

"బాబాయ్, అది మేనేజరుగారి బల్ల!"

నేను అరిచేలోపే ఆ కంప్యూటర్ గొంతు విప్పింది. "పేకాట. ఇస్పేటు రాణి. ఆఠీను జాకీ. మీరు ఓడిపోయారు." ఆఫీసంతా విన్నది. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చిన మేనేజరు ముఖం మాడిపోయింది.

"సాయంత్రంలోగా ఆవిడ కంప్యూటర్ మాట్లాడకపోతే రేపు ఆ కుర్చీలో ఇంకొకరుంటారు! నాది మాత్రం ఇప్పుడే నోరు మూయాలి!"

"ఎక్కడ చేరినా ఇదే గొడవండీ. ఈ ఉద్యోగమన్నా నిలబడితే బావుణ్ణు" అంది ఆపరేటరు మెల్లగా. నా ప్రాణం ఉసూరుమంది.

బాబాయి ఆమె పక్కన కూర్చున్నాడు. కీబోర్డు మాత్రం ఆమె ముందుకే తోశాడు. "చేతులు నీవమ్మా, నోరు నాది." ఇందాకటి మీటలకు ఆమె కంప్యూటర్ పలకలేదు. దాంట్లో పాతదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించడం మొదలుపెట్టారు. కంప్యూటర్ కాసేపు బాగానే వాగి, సగంలో గొంతు పోగొట్టుకుంది. తెరమీద మాత్రం ఏదో ప్రశ్న జవాబు కోసం కాచుకుని ఉంది.

"బాబాయ్, అదేం అడుగుతోందో నేను చదువుతాను. ఒక్క నిమిషంలో..."

"చదివావంటే ఊరుకోను!" అని కరెంటు తీగ పీకేశాడు. మళ్లీ మొదటికొచ్చింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆవిడ ఉద్యోగం పోతుంది బాబాయ్! ఆ గుడ్డ తీసి ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోతుంది?"

"చూస్తే ఇవాళ్టికి అయిపోతుందిరా. రేపు మళ్లీ మొరాయిస్తే? ఆవిడ ఎవరి కళ్లకోసం కాచుక్కూర్చోవాలి? నేను చూసి దాటిన చోట ఆవిడ ఆగిపోతుంది. అందుకే చూడకుండా దాటే దారి దొరికేదాకా నేనూ ఆగుతాను."

ఆయనమీద కోపమూ ప్రేమా నాకు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఆపరేటరు మాత్రం ఆలోచనలో పడింది. "నా బ్రెయిలీ పలక ముందే తగిలిస్తే?" అంది. అక్షరాలు చుక్కలుగా పైకి లేస్తే వేళ్లతో చదువుకునే పలక అది. కంప్యూటర్ నిద్ర లేవకముందే తగిలించింది. ఈసారి గొంతు పోయిన చోట పలకమీద చుక్కలు లేచాయి. ఆమె వేళ్లు ప్రశ్న చదివి, జవాబు నొక్కి ముందుకు సాగిపోయాయి. ఆఫీసు మూసే వేళకు స్పీకరు "స్వాగతం" అంది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఎవరు చేశారిది?"

"నేనేనండీ" అంది ఆమె, కుర్చీలో నిటారుగా కూర్చుని.

"మరి ఈయనేం చేశాడు?"

బాబాయి తువ్వాలు సర్దుకుని లేచి, మేనేజరనుకుని బీరువాకు వినయంగా నమస్కారం పెట్టాడు.

"నాకేం తెలుసండీ? నేనసలు చూడనేలేదు."