లోపలి టైరు చప్పుడు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక చప్పుడు. మనిషి ప్రాణం తీసిన చప్పుడు అంటే మీరు పెద్ద పేలుడు ఏదో ఊహించుకుంటారేమో. అది కాదు. జాకీ రాడ్డుతో టైరును తడితే వచ్చే చప్పుడు, అంతే. పక్కన నిలబడ్డవాళ్లు కూడా పట్టించుకోనంత చిన్నది. నాకు వినపడింది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ధర్మపురి నుంచి సేలం పోయే రోడ్డు మీద మా ఆయనకు గాలి కొట్టే అంగడి ఉంది. నేను కుప్పం వైపు నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చాను. మొదట్లో టీ తెచ్చి ఇచ్చేదాన్ని, తర్వాత ట్యూబులు అందించేదాన్ని, ఆ తర్వాత నా చెవి పనికొస్తుందని తెలిసింది. వెనక జంట చక్రాలున్న బండ్లకు అసలు తంటా లోపలి టైరుతోనే. బయటిది అందరికీ కనిపిస్తుంది కాబట్టి గాలి చూసుకుంటారు. లోపలిదాని వాల్వు చేతికి సరిగ్గా అందదు, చూద్దాంలే అని వదిలేస్తారు. దాంట్లో గాలి తగ్గితే బరువంతా బయటిదాని మీద పడుతుంది. అది వేడెక్కుతుంది, అంచులు అరుగుతాయి, ఒకరోజు పగులుతుంది. తడితే ముందే తెలిసిపోతుంది. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి ఠంగుమంటుంది. తగ్గితే దబ్బుమని చచ్చు చప్పుడు వస్తుంది. మా ఆయన మీటరు పెట్టి చూసేవాడు, నేను విని చెప్పేదాన్ని. నా మాట తప్పిందని ఎవరూ అనలేదు. ఆ గర్వం నాకుండేది. ఎందుకు దాచాలి?

మా మరిది ఆరు చక్రాల చిన్న లారీ నడిపేవాడు. పాలక్కోడు మార్కెట్లో టమాటా ఎక్కించుకుని సేలం పోయేవాడు. హుషారు మనిషి. వదినను ఆటపట్టించడం మరిది హక్కు కదా. వాడు ఒకటంటే నేను రెండనేదాన్ని. మా ఇంట్లో నవ్వులు ఉండేవంటే అవి మా ఇద్దరి వల్లే.

ఒకసారి వాడు బయట కొత్త టైరు వేయించి, లోపల అరిగిపోయినదాన్నే ఉంచాడు. అలా చేయకూడదని చెప్పాను. జంటలో రెండూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే ఎత్తుది బరువు మోస్తుంది, పొట్టిది రోడ్డు మీద ఈడ్చుకుంటూ ఇంకా అరుగుతుంది, దారం చుట్టి కొలుచుకో అన్నాను. అంగడి ముందు డ్రైవర్లు టీ తాగుతున్నారు. వాడు వాళ్లవైపు తిరిగి, మా వదిన కుండలంగట్లో పుట్టింది, మా అన్న తలకాయను కూడా తట్టి చూసే పెళ్లి చేసుకుంది అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నిజానికి మండింది మా ఆయన నవ్వినందుకు. కోపం మాత్రం మరిది మీదికి పోయింది. ఆ సంగతి నాకు అర్థం కావడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున వాడు లోడుతో వచ్చి అంగడి ముందు ఆపాడు. మా ఆయన లేడు. బండిలో వాడి పక్కన మాదప్ప ఉన్నాడు. పెట్టెలు ఎత్తి దించే పెద్దాయన, నెమ్మదస్తుడు. మరిది కిందికి దిగలేదు. నేను రాడ్డు తీసుకుని చుట్టూ తిరిగి తట్టాను. ఎడమవైపు లోపలిది దబ్బుమంది. మళ్లీ తట్టాను. అదే చప్పుడు. అప్పుడే వాడు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఏం వదినా, కుండలన్నీ బాగుండాయా?”

“బాగుండాయి. పో.”

“లోపలిది గూడానా?”

“అది గూడా.”

మొదటి మాట ఎగతాళి. రెండోది కాదు. రెండోది నమ్మకంతో అడిగాడు. నాకు ఆ తేడా అప్పుడే తెలుసు. మాదప్ప నాకు చెయ్యి ఊపాడు. బండి కదిలింది.

నేనేం కోరుకున్నాను? వాళ్లు చావాలనా? ఒట్టు, కాదు. దారిలో ఎక్కడో టైరు గాలి పోయి కూర్చుంటే, నడి ఎండలో చెమటలు కక్కుతూ జాకీ పెట్టుకుని, వదిన మాట వినాల్సింది అని వాడు ఒక్కసారి అనుకోవాలని, ఇంటికొచ్చి నలుగురి ముందు ఆ మాట ఒప్పుకోవాలని, అంతవరకే నా బుద్ధి పోయింది. ఆ రోడ్డు తొప్పూరు ఘాట్ దిగుతుందని నాకు తెలియదా? రోజూ ఆ దారిన పోయే బండ్లకే కదా నేను గాలి కొట్టేది.

ఘాట్ దిగుతుండగా బండి పల్టీ కొట్టింది. మాదప్ప అక్కడికక్కడే పోయాడు. మరిదికి కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలింది. ఏం జరిగిందో వాడికి గుర్తే లేదు. పోలీసులు అడిగితే, కునుకు పట్టిందేమో అన్నాడు. పల్టీ కొట్టిన బండికి టైర్లు పగలడం మామూలే, వాటి గురించి ఎవరూ అడగలేదు. కునుకు పట్టిందేమో అన్న మాట చెప్పగా చెప్పగా కునుకు తీసినాను అని మారింది. కోర్టులోనూ అదే చెప్పాడు. జైలుకు పోయి వచ్చాడు.

ఇప్పుడు వాడు నవ్వించడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు, నిలబడే పోతాడు. కూర్చుంటే కళ్లు మూతపడతాయని భయం.

నిజంగానే కునుకు తీశాడేమో. టైరు వల్ల కాదేమో. ఈ ఏమోలను పట్టుకునే ఇన్నేళ్లు అన్నం తిన్నాను. కానీ వాడికి ఆ ‘ఏమో’ కూడా దక్కనివ్వలేదు నేను. ఒక్క మాట చెప్పి ఉంటే వాడు తనను తాను ఇంతగా తినేసుకునేవాడా?

బండి నడపలేడు కాబట్టి వాడిప్పుడు మా అంగట్లోనే ఉంటున్నాడు. తట్టి చూసే పని మా ఆయన వాడికి అప్పగించాడు. వాడి చెవి మెల్లగా పదునెక్కింది. మొన్న ఒక ఆరు చక్రాల బండి వచ్చింది. వాడు లోపలి టైరు తట్టాడు. దబ్బుమంది. రాడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“వదినా, ఆ పొద్దు మా బండిది నువ్వు తట్టినావు కదా?” అన్నాడు.

“జ్ఞాపకం లేదు,” అన్నాను.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా లోపలి టైరును వాడు రెండుసార్లు తడుతున్నాడు. రెండోసారి తట్టే ముందు నావైపు చూస్తున్నాడు. నేను పెట్టిన అన్నం తిని, కంచం కడిగి పెడతాడు. నాకు భయంగా ఉంది.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ, చదువంతా అరవంలో. ఈ అక్షరాలు వచ్చినది నాకొక్కదానికే. వాడి ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. ఇందాక తొంగి చూసి, పుట్టింటికా అని అడిగాడు. తలూపాను. కాబట్టి నాకేదో ధైర్యం వచ్చిందని అనుకోకండి. అయినా గుండెల మీద బరువు కాస్త జరిగిన మాట నిజం. వాడడిగినదానికి జవాబు వాడు చదవలేని చోట పెడుతున్నాను. తట్టినాను అబ్బయ్యా. చచ్చు చప్పుడే వచ్చింది. తెలిసే నిన్ను పొమ్మన్నాను.