రెండు రౌటర్లూ, బంతిపూల దండలూ

జీతం కన్నా ఉత్సాహం ఎక్కువగా ఉండే కాలం ప్రతి మనిషికీ ఒకటుంటుంది. ఆ రోజుల్లో నేను తాండూరులో ఒక ఇంటర్నెట్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ణి. మెషీన్ల గదిలో రెండు రౌటర్లు జంటగా ఉండేవి. ఒకటి పనిచేస్తుంటే రెండోది దాన్ని కనిపెట్టుకుని ఉండి, అది ఆగిపోగానే పని అందుకునేది. మొదటిది బతికే ఉందని రెండోదానికి తెలిసేది మధ్యనున్న మూరెడు వైరు వల్లే. (అంత నమ్మకం మా ఆఫీసులో ఏ ఇద్దరి మధ్యా ఉండేది కాదు.) దసరా కాగానే నన్ను పర్మినెంట్ చేస్తామన్నారు. వికారాబాద్‌లో మా అమ్మ ఆ సంగతి వాడకట్టంతా చెప్పేసింది కూడా.

పండుగ ముందురోజు ఆయుధ పూజ. మా పెద్దసారుకు భక్తి మెండు. రౌటర్లకు పసుపు కుంకుమలు పెట్టి, దేనికి దానికి బంతిపూల దండ వేద్దామంటే ఆ వైరు అడ్డం వచ్చింది.

"జర గా వైరు గుంజు," అన్నాడు నాతో.

"వద్దు సార్. అది ఊడితే ఇది సచ్చిందని అది, అది సచ్చిందని ఇది అనుకుంటయి. రెండూ నేనే పెద్ద అంటయి. నెట్ మొత్తం ఆగమైతది."

"పండుగ పూట సచ్చుడు మాటలేందిరా?" అని తనే గుంజి, దండలు వేసి, కొబ్బరికాయ కొట్టాడు.

హారతి పూర్తికాకముందే ఫోన్లు మొదలయ్యాయి. పండుగలోపు బయలుదేరాల్సిన నాపరాళ్ల లారీలు, ఆన్‌లైన్ బిల్లు తీసే దారిలేక ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నేను వైరు పెట్టబోతే "హారతి నడుమ పూలు ముట్టకు" అని సారు చెయ్యి అడ్డం పెట్టాడు. అంతలో హెడ్డాఫీసు నుంచి ఫోన్. "కొత్త పిలగాడు సార్, చెప్పినా ఇనకుండ వైరు గుంజిండు. ఇయ్యాల్నే పంపిచ్చేస్తున్న," అన్నాడు సారు, నా మొహం చూస్తూనే. ఆ చేత్తోనే నాకు ప్రసాదం కూడా పెట్టాడు. పక్కనే మా సీనియర్, అందరం భాయ్ అని పిలిచే ఆయన, అంతా కళ్లారా చూసినవాడు. నేలచూపులు చూస్తూ కొబ్బరిముక్క నమిలాడు. ఆ నమిలిన చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బస్సెక్కి ఇంటికి పోతుంటే, అనంతగిరి మలుపుల్లో భాయ్ ఫోన్ చేశాడు. "తమ్మీ, సారు వైరు మళ్ల పెట్టిండు గని రెండూ మాట ఇంటలేవు. పరేషాన్ అయితున్నం. ఏం జేయాలె?"

సిగ్గూ శరమూ ఉన్నవాడైతే ఫోన్ పెట్టేసేవాడు. నేను మాత్రం "ఫస్టు రెండోదాన్ని బంద్ చెయ్ భాయ్" అని పాఠం మొదలుపెట్టాను. అడవిలో సిగ్నల్ పోయింది. నేనేం చేశానో చెబితే నవ్వుతారు. బస్సు ఆపించి దిగాను! "గీ అడవిల ఏడికి వోతవయ్యా?" అన్నాడు కండక్టర్. ఫోన్ నెత్తిమీద పట్టుకుని వెనక్కి నడిచి, సిగ్నల్ దొరికినచోట నిలబడి, ఏది ముందు ఆపాలో, ఏది తర్వాత లేపాలో విడమరిచి చెప్పాను.

"వచ్చింది తమ్మీ! నెట్ వచ్చింది!" అని అరిచాడు భాయ్. రోడ్డు మీద ఒక్కణ్ణే ఎగిరి గంతేశాను. బస్సూ పోయింది, ఉద్యోగమూ పోయిందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

తర్వాత వేరేచోట పర్మినెంటూ అయ్యాను. నన్ను గెంటేసినవాళ్ల కోసం బస్సు దిగిన ఆ పిచ్చి పిల్లగాణ్ణి తలుచుకుంటే రెండు పీకాలనిపిస్తుంది. కానీ అలా గంతేసేంత సంతోషం మళ్లీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు. నా కడుపుమంటంతా అదే.