అమ్మను అత్తా అని పిలిచిన మూడు నెలలు

పోయిన వారం మా మనవరాలు తిరుపతిలో మా ఇంటి వసారాలో కూర్చుని బెంగుళూరులో ఎవరో ఇంటాయనతో ఫోనులో మాట్లాడుతోంది. ఉద్యోగం అక్కడికి మారింది. అక్కడి బాడుగలు వింటే నాబోటి దానికి కళ్ళు తిరుగుతాయి. వాళ్ళకు వచ్చే జీతంలో దొరికిన ఆ ఒక్క ఇల్లూ ఎక్కడ చేజారిపోతుందోనని పాపం ఎన్నడూ లేని వినయంతో మాట్లాడుతోంది. ఉండేది ఎంతమంది అని అవతలాయన అడిగినట్టున్నాడు. అది ఒక్క క్షణం ఆగి, ముగ్గురమండీ, అంది. మొగుడూ పెళ్ళాం బిడ్డా, వాళ్ళు నిజంగానే ముగ్గురు, అందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ ఒక్క క్షణం ఆగడం విని, ఎనభైకి దగ్గరపడిన నేను చిక్కుడుకాయలు గిల్లడం ఆపినాను. చేటను కింద పెట్టేసి లోపలికి పోయి పడుకున్నాను. ఎందుకు పడుకున్నానో ఇంట్లో వాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, ఇల్లు అడగబోయి ఇంట్లో తలకాయల లెక్క చెప్పుకున్న మన ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది.

మాది బంగారుపాళ్యం పక్కన ఒక చిన్న పల్లె. నాయన గుత్తకు చేసే చెరకు తోటను దాని సొంతదారు వెనక్కి తీసుకున్నాడు. ఇక పల్లెలో చేసేందుకు ఏమీ లేక నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో తూకం వేసే పని సంపాదించుకున్నాడు. సావుకారు ఏప్రిల్ నెలాఖరులోపల పెళ్ళాం పిల్లలతో సహా వచ్చి చేరమన్నాడట, ఒంటిగా వచ్చిన మనిషి నెలకు నాలుగు సార్లు ఊరికి పరిగెత్తుతాడని ఆయన అనుభవం. రాలేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని కూడా చెప్పినాడు. సరేనని నాయన ఇల్లు వెతకడానికి పోతే, అది యుద్ధం రోజుల్లో మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకుని మన వైపు వచ్చిపడిన ఎండాకాలం. ఆఫీసులే తరలి వచ్చేశాయి, వాటి వెంట జీతగాళ్ళూ వాళ్ళ సంసారాలూ వచ్చాయి. పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టి బాడుగకు ఇచ్చుకున్నారు. అంతకు ముందు కూలివాడు కూడా కాపురం పెట్టగలిగిన చిత్తూరు, మేము పోయే వేళకు మాకు అందని పట్నమైపోయింది.

మూడు రోజులు తిరిగి తిరిగి నాయన చివరికి ఒకామె ఇంటి వెనక భాగం పట్టుకున్నాడు. ఒక గది, వంటకు ఒక చిన్న వసారా, వెలుతురు అంతంత మాత్రం. మద్రాసు వాళ్ళ కంటికి ఆనలేదు కాబట్టి మాకు మిగిలింది. ఇంటామె భర్త పోయిన మనిషి, ముందు భాగంలో ఒక్కతే ఉండేది, మిద్దె మీద మద్రాసు కుటుంబం ఒకటి. ఎండాకాలం బావి అడుగంటుతుందని ఆమె ఒకే ఒక షరతు పెట్టింది, ఇంట్లో నాలుగు తలకాయలకు మించి ఉండకూడదని, ఐదో తలకాయ కనిపిస్తే సామాను వీధిలో ఉంటుందని. నాయన, అమ్మ, బడికి పోయే అన్న, చంకలో తమ్ముడు, లెక్క అక్కడికే సరిపోయింది. నేను మిగిలిపోయినాను. నన్ను పల్లెలో వదిలిపెడదామంటే అవ్వా తాతా అప్పటికే లేరు. ఎవరో ఒకరి ఇంట్లో పెడదామన్నా అమ్మ ఒప్పుకోదని నాయనకు తెలుసు. ఆ నిలబడిన చోటనే ఆయన నోటికి వచ్చిందేమంటే, మేము నలుగురమే, మా అక్క కూతురు మాత్రం పది దినాలు చుట్టం చూపుగా వస్తుంది, అని.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ అబద్ధానికి కోపగించుకోలేదు, దాన్ని చెప్పిన తీరుకు కోపగించుకుంది. నాయన అక్క కూతురినైతే నాకు నాయన మామ అవుతాడు, అమ్మ అత్త అవుతుంది, అన్నిటికంటే ఘోరం, తోడబుట్టిన అన్న బావ అవుతాడు. కంగారులో నాయనకు అదేమీ తట్టలేదు. పైగా ఆ మేనత్తకు పిల్లలే లేరు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటూ అన్న మాట నాకు ఈనాటికీ వినిపిస్తుంది.

"మీ అక్క కాదు, మా అక్క కూతురని సెప్పింటే సిన్నమ్మా అనైనా పిలిచేది గదా. అందులో సగమన్నా అమ్మ ఉంటాది."

బెల్లం దిమ్మెలు వేసుకుని పోయే ఎద్దుల బండిలో ఒక మూల మాకు చోటు దొరికింది. ఆ బండిలో దారి పొడుగునా నాకు జరిగింది ఒకటే పాఠం. నేనెవరు అని నాయన అడగాలి, మామ అని నేను చెప్పాలి. ఆమె ఎవరు అంటే అత్త అనాలి. అన్నను చూపిస్తే బావ అనాలి. మొదట నాకది ఆటలాగే ఉంది, అన్నకైతే నవ్వు ఆగలేదు. వాడు నవ్విన మూడోసారి అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. ఎన్నడూ చెయ్యి ఎత్తని అమ్మ కొట్టేసరికి ఇది ఆట కాదని నాకు అర్థమైంది. చిత్తూరు మొదటి ఇళ్ళు కనిపించేసరికి నేను నోరు రెండు చేతులతో మూసుకుని కూర్చున్నానట, ఆ సంగతి అన్న చాలా ఏళ్ళ తరువాత చెప్పినాడు.

ఇక ఆ ఇంట్లో బతుకంతా భయమే. ఇంటామె గొంతు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఎక్కడ నిలబడి వింటుందోనని భయం. పొద్దున్నే ఆమె బావి దగ్గర నిలబడి తలకు ఒక బిందె చొప్పున నాలుగు బిందెలూ, చుట్టానికని ఇంకొకటీ తోడుకోనిచ్చేది. పదకొండో దినం నుంచి ఆ ఐదోది ఆగిపోయింది. ఆ పాప ఇంకా ఊరికి పోలేదేమని అడిగినప్పుడల్లా నాయన మా మేనత్తకు ఒకసారి జ్వరం తెప్పించినాడు, ఇంకొకసారి కాలు విరగ్గొట్టినాడు. బతికున్న ఆడబిడ్డకు ఈ మాటలు ఎక్కడ తగులుతాయోనని అమ్మ దేవుడి పటం ముందు లెంపలు వేసుకునేది. చుట్టం చూపుగా వచ్చిన పిల్ల బడికి పోదు కాబట్టి నన్ను బడిలో వెయ్యలేదు. తమ్ముడు అమ్మ ఒడిలో ఉంటే నేను ఎడంగా కూర్చునేదాన్ని, ఎందుకంటే ఏ పిల్లా అత్త ఒడిలో అంత సేపు తల పెట్టుకుని పడుకోదు. నిద్రలో ఏమని కలవరిస్తానోనని అమ్మ నన్ను గోడ వైపు తిప్పి పడుకోబెట్టేది.

ఇందులో చిత్రమేమంటే, ఇంటామె చెడ్డది కాదు. మధ్యాహ్నం పూట నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి జడ వేసేది. బావను చేసుకుంటావా అని ఎగతాళి చేసేది, ఆ మాట వినిపిస్తే అమ్మ పని లేకపోయినా లోపలికి పోయేది. ఒక రోజు దువ్వుతూ దువ్వుతూ, మీ అమ్మ గుర్తుకొస్తా ఉండాదా పాపా, అని అడిగింది. అమ్మ రెండు బారల దూరంలో చేటలో బియ్యం ఏరుతూ ఉంది. నేను అవునని తల ఊపినాను. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నాకు అబద్ధం చెప్పవలసిన అవసరం రాలేదు. అమ్మ తల ఎత్తలేదు, అదే గుప్పెడు బియ్యాన్ని మళ్ళీ మళ్ళీ ఏరుతూనే ఉంది.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మొదటి వాన పడిన సాయంత్రం, తడవకుండా కట్టెలు లోపల వెయ్యమంటే వసారా మూలకు పోయినాను. కట్టెల సందులో చెయ్యి పెట్టినాను, తేలు కుట్టింది. తేలు కుట్టిన వాళ్ళకు చెప్పనక్కరలేదు, నిప్పు వేలిలో నుంచి భుజం దాకా పాకింది. నేను అరిచిన అరుపుకు మిద్దె మీది వాళ్ళు కూడా దిగి వచ్చినారు. కింద పడి పొర్లుతూ ఏమని అరుస్తున్నానో నాకు తెలియదు. ఇంటామె దీపం పట్టుకుని పరిగెత్తి వచ్చి మణికట్టు దగ్గర గుడ్డ బిగించి కట్టింది, ఏదో ఆకు నలిపి పసరు పోసింది. పోస్తూ పోస్తూ ఉన్నట్టుండి ఆగి అమ్మ ముఖంలోకి చూసింది.

"తేలు కుడితే తల్లి లేని బిడ్డ కూడా అమ్మా అనే అరుస్తాది. ఈ బిడ్డేంది, అత్తా అత్తా అంటా ఉండాది?"

అప్పుడు తెలిసింది నేనేమని అరుస్తున్నానో. నేర్పిన పాఠం నేను ఒక్క అక్షరం కూడా తప్పలేదు, ఆ తప్పకపోవడమే మమ్మల్ని పట్టిచ్చింది. అందరూ చూస్తుండగానే అమ్మ నన్ను లాగి ఒడిలో వేసుకుంది.

"నా బిడ్డే. నా కడుపున పుట్టిందే. ఇంగ నాతో కాదు, పొమ్మంటే తెల్లారి పోతాము."

నాయన మండీ నుంచి వచ్చి సంగతి విని గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టినాడు. ఇల్లు పోతే పని పోయినట్టే, పని పోతే తిరిగి పోవడానికి పల్లెలో మాకు ఏమీ లేదు. నా చేతి మంట కంటే ఆ మూటలు చూస్తే ఎక్కువ భయం వేసింది. నా మూలంగానే అందరమూ వీధిలో పడుతున్నామని నేను ఏడవడం కూడా మానుకున్నాను.

పొద్దున ఇంటామె నాయనను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. నేను తలుపు చాటున నిలబడినాను.

"ముందే సెప్పింటే ఇల్లు ఇచ్చేదాన్ని కాదు, అది నిజమే. అట్లని బిడ్డ నోట్లోనుంచి అమ్మనే మాట పెరికేస్తారా అప్పా? మూటలు ఇప్పుకోండి. నీళ్ళు మాత్రం నాలుగు బిందెలే."

ఆ నాలుగు బిందెలతోనే ఆ ఇంట్లో ఇంకో రెండేళ్ళు ఉన్నాము. మరుసటి వారమే నన్ను బడిలో వేసినారు. అమ్మ ఆ రోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇంక ఎవరి భయమూ లేదు, ఎంత గట్టిగా పిలుస్తావో పిలువు అంది. నేను నోరు తెరిచి, ఇంటామె ఉండే ముందు వాకిలి వైపు చూసినాను. అమ్మా అనే మాట పలకలేదు. రేపు పలుకుతుందిలే అనుకున్నాను, అమ్మ కూడా అట్లాగే అనుకుని ఉంటుంది. ఆ తరువాత నాకు ఆమె కావలసి వచ్చినప్పుడల్లా పిలవకుండా పోయి పక్కన నిలబడేదాన్ని, కొంగు పట్టుకుని లాగేదాన్ని. పెళ్ళయి పిల్లలు పుట్టినాక కూడా పుట్టింటికి పోతే వంటింటి గడప దగ్గర నిలబడి ఊరికే గాజులు కదిలించేదాన్ని, ఆమె తిరిగి చూసేది. ఎందుకు పిలవవని ఒక్కనాడూ అడగలేదు. ఆ మూడు నెలల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇంటామెను కొన్నాళ్ళు తిట్టుకున్నాను, నాయనను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. పెద్దదాన్నయి సంసారం ఈదినాక ఆయన ఆ అరుగు ముందు నిలబడి ఎంత భయపడి ఉంటాడో తెలిసి, తిట్టడం మానుకున్నాను.

ఈ కాలం పిల్లలు పక్క గదిలో ఉన్న తల్లిని పెన్సిలు కనబడలేదని ఇల్లు దద్దరిల్లేట్టు పిలుస్తారు, తల్లి పలకకపోతే విసుక్కుంటారు. వినడానికి నాకెంతో బాగుంటుంది. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను కూడా గొంతు సవరించుకుని అమ్మా అని గట్టిగా పిలిచి చూస్తాను. ఇప్పుడు మాట ఏ తడబాటూ లేకుండా వచ్చేస్తుంది, ఇల్లు ఖాళీ చెయ్యమనేవాళ్ళు ఎవరూ లేరు, పలకడానికి అమ్మ కూడా లేదు.