మా ఇంటి మనిషి

ఆలేరుకు మూడు క్రోసుల దూరంలో ఎర్రబండ అనే ఊళ్లో, మాదిగవాడ చివర, పెంకులు కప్పిన మట్టిగోడల ప్రార్థనాలయం ఒకటి ఉండేది. దానికి గంట లేదు. స్టేషను దగ్గర పారేసిన రైలుపట్టా ముక్కను వేపకొమ్మకు వేలాడదీసి, ఆదివారం ఉదయం గుర్వయ్య ఇనుప కడ్డీతో మూడు దెబ్బలు కొట్టేవాడు. వారమంతా మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టే మనిషి, ఆ ఒక్కరోజు సంఘపెద్ద. పాదిరీ అయ్యగారు ఆలేరు నుంచి రెండు వారాలకొకసారి మాత్రమే వచ్చేవారు కనుక, మిగతా వారాల్లో ప్రార్థన నడిపించే భారమూ అతనిదే.

గుర్వయ్యకు ఒక దిగులుండేది. పుట్టినప్పటి నుంచి సంఘంలో ఉన్నవాళ్లు ఉన్నారు గాని, కొత్తగా వచ్చినవాళ్లు నిలవడం లేదు. రజాకార్ల భయానికి ఊళ్లు విడిచినవాళ్లు, కూలి వెతుక్కుంటూ కొల్లాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు గడప దగ్గర కూర్చుని పాటలు వినేవారు. రెండు మూడు వారాలు గడిచాక కనిపించేవారు కాదు. అది వాళ్ల విశ్వాసలోపమని అయ్యగారు అన్నారు. గుర్వయ్య ఆ మాటను కాదనలేదు, ఔననీ అనలేదు. బొక్కెన కారితే ముందు తన కుట్టు చూసుకోవడం అతని పద్ధతి. అందుకని, రావడం మానేసిన సాయిలు అనే రాళ్లు కొట్టే కూలీని వెతుక్కుంటూ వెళ్లి, కారణమేమిటని నేరుగా అడిగాడు.

"మూడు వారాలు వచ్చిన పెద్దయ్యా. నా పేరేందని ఒక్కలన్న అడిగిన్రా?" అన్నాడు సాయిలు.

ఆ మాట గుర్వయ్యను వదల్లేదు. తరువాతి ఆదివారమే కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. కొత్తవాళ్ల కోసం గడప దగ్గర ఈతచాప పరిచేవారు. పాటలయ్యాక కొత్త మనిషి లేచి నిలబడి తన పేరు, ఊరు, కులపోళ్లు ఎవరో చెప్పుకోవాలి. అప్పుడు సంఘమంతా ఒక్క గొంతుతో 'మా ఇంటి మనిషి' అనాలి. ఆ పూట ఆ మనిషి ఎవరో ఒకరి ఇంట్లో అన్నం తినాలి. సాయిలు భార్యను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. రెండేళ్లలో అలా నిలబడి పేరు చెప్పినవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ నిలిచారు. పేరు అడగని రోజుల్లో వచ్చినవాళ్లలో ఒక్కరూ నిలవలేదు. గుర్వయ్య నమ్మకం గాలికి పుట్టింది కాదు, కళ్లతో చూసి కట్టుకున్నది.

ఈలోగా పోలీసు చర్య వచ్చింది, రజాకార్లు పోయారు. వాళ్లు పోయిన దారినే మిలిటరీ వచ్చి, దొర విడిచివెళ్లిన గడీలో క్యాంపు పెట్టింది. కమ్యూనిస్టు దళాలకు బువ్వ పెట్టిన ఊళ్లను ఒక్కొక్కటిగా జల్లెడ పడుతున్న రోజులవి. ఏ ఊరి మనిషివన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే ప్రమాదంగా మారింది. ఈ సంగతి గుర్వయ్యకు తెలియదని అనలేము. అయితే ఆ ప్రశ్న బయటిదనీ, ప్రార్థనాలయంలో తాను అడిగేది వేరనీ అతని మనసులో ఉండేది.

ఆ ఏడు కలుపుతీతల కాలంలో, ఊరవతల గొర్రెల దొడ్డి పక్కన ఇంత జాగా అడుక్కుని ఒక కురుమ స్త్రీ ఒంటరిగా దిగింది. ఉన్ని వడికి పొట్ట పోసుకునేది. కలుపులో ఆమె పక్క సాలు పట్టింది గుర్వయ్య భార్య లీలమ్మ. ఆ మనిషి నిద్ర లేక కళ్లు గుంటలు పడి ఉండడం చూసి, ఆదివారం పూట మా గుళ్లోకి వచ్చి కూర్చోమని, అక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరని చెప్పింది. మగవాళ్లు పెట్టిన పద్ధతి ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదో, గుర్తొచ్చినా భర్తకు సర్దిచెప్పుకోవచ్చనుకున్నదో తెలియదు.

ఆమె వచ్చింది. చాప మీద కూర్చుని, గోడకు ఆనుకుని, పాటల మధ్యలో నిద్రపోయింది. చివరి ప్రార్థనకు ముందే లేచి వెళ్లింది. రెండో వారమూ అంతే. మాదిగవాడ గుడికి కురుమ మనిషి రావడం ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. ఆమె వెళ్లాక జనం ఆమె కూర్చున్న చాపను చూసుకుని మురిసిపోయారు. గుర్వయ్య ఒక్కడే మురవలేదు. మూడో వారం దాటితే మనుషులు ఎలా మాయమవుతారో అతనికి అనుభవం.

"ఆమె జోలికి పోకు. నేనే చెప్పిన, ఎవ్వరేమడగరని. జర నిమ్మలం గానియ్యి," అన్నది లీలమ్మ.

"అడగకనే గదనే ఇందరు పోయిన్రు," అన్నాడు గుర్వయ్య.

మూడో ఆదివారం ఆమె లేవబోతూండగా అతను ఆప్యాయంగా చేయి చాచి ఆపాడు. పేరు అడిగాడు. జానమ్మ అని చెప్పింది. కులం చెప్పింది. ఊరు దగ్గర ఆగిపోయి లీలమ్మ వైపు చూసింది. లీలమ్మ తల అడ్డంగా ఊపింది. గుర్వయ్య దాన్ని చూశాడు గాని, సిగ్గుపడుతున్న మనిషికి ధైర్యం చెప్పడమే తన పని అనుకున్నాడు.

"ఊరు చెప్పు బిడ్డా. గీడ అందరు మనోళ్లే."

ఆమె గొణిగింది. వెనక కూర్చున్న ముసలివాళ్లకు వినపడలేదు. వాళ్ల కోసం గుర్వయ్యే గొంతెత్తి, "పాలగుట్ట," అన్నాడు. సంఘమంతా ఎన్నడూ లేనంత ఉత్సాహంతో 'మా ఇంటి మనిషి' అన్నది.

ఆ పూట ఆమె గుర్వయ్య ఇంట్లోనే తిన్నది. ఊరు బయటపడ్డాక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబోలు, పెనిమిటి బీరప్ప దళంతో అడవికి పోయాడని, మిలిటరీ తనను రెండుసార్లు పట్టుకుని అతని జాడ చెప్పమన్నదని, మూడోసారి పట్టుబడితే బతకనని తలవంచుకుని చెప్పింది. చేతిలోని ముద్ద గుర్వయ్య నోటికి పోలేదు. ఎవరికీ చెప్పవద్దని వాడంతా తిరిగి చెబుదామనుకున్నాడు. అలా చెబితే అదే చాటింపవుతుందని ఆగిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె ఉన్ని వడికే కదురును లీలమ్మ ఇంట్లోనే మరచిపోయింది.

బుధవారం తెల్లవారగానే జవాన్లు గొర్రెల దొడ్డికి వచ్చారు. పాలగుట్ట ఆడమనిషి ఏదని పేరుతో సహా అడిగి, జానమ్మను గడీకి పట్టుకుపోయారని కాపరులు చెప్పారు.

ఎవరు చెప్పారన్నది తేలలేదు. సంఘంలో మల్లప్ప అనే పెద్దమనిషి సోమవారం మోటబావి దగ్గర, పాలగుట్ట నుంచి కురుమలు సైతం తమ గుడికి వస్తున్నారని గొప్పగా చెప్పుకున్న మాట నిజం. ఆ మాటే క్యాంపుకు చేరిందనడానికి రుజువు లేదు. గోడ అవతల మేకలు కాసేవాళ్లూ ఆ ఊరి పేరు విని ఉండవచ్చు. గుర్వయ్య మాత్రం మల్లప్పను ఒక్క మాటా అడగలేదు. ఆ పేరును ఆమె నోటి నుంచి లాగిందెవరో అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం గుర్వయ్య గడీకి వెళ్లాడు. ఎండలో చాలాసేపు నిలబెట్టాక, ఒక దుబాసీ బయటికి వచ్చి విషయమేమిటన్నాడు. జానమ్మ కోసం వచ్చానని గుర్వయ్య చెప్పాడు.

"ఆమె నీకేమయితదిర?"

ఆ ప్రశ్నకు జవాబు గుర్వయ్య స్వయంగా కట్టినదే. రెండేళ్లుగా నలభై మంది చేత అనిపించినదే. దుబాసీ వెనక, గోడ నీడలో, చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టిన నలుగురు కనబడ్డారు. దళాల వాళ్లకు ఆశ్రయమిచ్చారని పట్టుకొచ్చిన ఇళ్లవాళ్లు.

"ఏంగాదు దొరా," అన్నాడు గుర్వయ్య. "మా గుడికి వచ్చిపోతది, అంతనే."

"అయితె పో."

ఇంటికి రాగానే లీలమ్మ ఏమన్నావని అడిగింది. అతను అబద్ధం ఆడలేదు. ఆమె పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది.

"గుళ్లె నలభై నోళ్లు లేసినయి గదయ్యా. గడీల నీ ఒక్క నోరు లేవలేదా?"

జానమ్మను ఆ రాత్రే లారీలో ఎక్కించారని ఒకరు, నల్లగొండ జైలుకు పంపారని మరొకరు చెప్పారు. రెండు వారాల తరువాత గుర్వయ్య నల్లగొండ దాకా నడిచి వెళ్లి, జైలు ముందర రెండు రోజులు కూర్చున్నాడు. ఆ పేరు గల మనిషి లోపల లేదని చెప్పి పంపేశారు. అతను నిజం చెప్పి ఉంటే ఆమె బయటికి వచ్చేదనడానికి ఏ ఆధారమూ లేదు. గోడ నీడలో కూర్చున్న ఆ నలుగురి పక్కన అయిదోవాడై ఉండేవాడు, బహుశా అంతే. ఈ లెక్క గుర్వయ్య తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. దానివల్ల అతనికి ఒక్క పూటైనా అన్నం రుచించలేదు.

మరుసటి నెల సాయిలు భార్యతో సహా ఊరు విడిచాడు. పోయే ముందు గుర్వయ్య గుమ్మం ముందు నిలబడి, "మేము గూడ ఊరు పేరు చెప్పినం గదా పెద్దయ్యా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిలబడి పేరు చెప్పిన మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే మానుకున్నారు. చివరికి పుట్టుకతో ఉన్నవాళ్లే మిగిలారు. వాళ్లు కూడా 'మా ఇంటి మనిషి' అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

రెండేళ్లకు పోరాటం ఆగింది. క్యాంపు లేచిపోయింది. ఊరి పేరు చెప్పడానికి భయం లేని రోజులు వచ్చాయి. ఒక ఆదివారం బిడ్డను చంకనెత్తుకుని ఒక కొత్త స్త్రీ గడప దగ్గరికి వచ్చి కూర్చున్నది. పాటలయ్యాక అందరి చూపులూ గుర్వయ్య మీదికి మళ్లాయి. లీలమ్మ కూడా చూసింది, ఈసారి తల ఊపలేదు. అతను పేరు అడగకుండానే చివరి ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆమె మూడు వారాలు వచ్చింది. ఆ చాప అప్పటికే చుట్టి మూలకు పెట్టి ఉండడంతో, మూడు వారాలూ వట్టి నేల మీదే కూర్చున్నది. నాలుగో ఆదివారం గుర్వయ్య రైలుపట్టా మీద మూడు దెబ్బలు కొట్టి, ఎవరూ రాని దారి వైపు కాసేపు చూసి, లోపలికి వెళ్లాడు.