సంవత్సరం వేయని శాలువా

మా క్లబ్బు ఈసారి కప్పు కొడుతుందని నేను పదకొండేళ్లు వరసగా చెప్పాను. పదకొండేళ్లూ తప్పింది. మొదటి పదిసార్లు పోయింది నా పరువు మాత్రమే. ధర్మవరంలో మా వీధివాళ్లు నా పేరు మర్చిపోయి 'గ్యారంటీ' అని పిలవడం మొదలుపెట్టారు. "ఏం గ్యారంటీ, ఈసారి కిందనుంచి ఎన్నోది?" అని టీకొట్టు దగ్గర ఎవడో ఒకడు కదిలించేవాడు. నేను గ్లాసు కింద పెట్టి, వేళ్లు మడుస్తూ, మా జట్టులో ఎవడు ఎందుకు గొప్పవాడో మొదలుపెట్టేవాణ్ణి. టీ చల్లారిపోయేది కానీ నా నోరు ఆగేది కాదు. పదకొండోసారి పోయింది మాత్రం పరువు కాదు. దాని గురించి ఇంతవరకూ ఎవరికీ సరిగా చెప్పలేదు.

మా ఫుట్‌బాల్ క్లబ్బు పెద్దదేమీ కాదు. మగ్గాల ఇళ్ల పిల్లలు, ఆటోలు తోలేవాళ్లు ఇద్దరు, పక్క పల్లెలనుంచి సైకిళ్ల మీద వచ్చే నలుగురు. వాళ్లకు ఆట నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టరు. జెర్సీ పసుపు, కాలరూ చేతుల అంచులూ ఆకుపచ్చ. ఊరి బయట మా గ్రౌండులో గడ్డిపరక ఉండదు. అంతా గట్టినేల, సన్నరాళ్లు. అడుగున ముళ్లున్న బూట్లు ఆ రాళ్లకు నెలకే అరిగిపోతాయని మావాళ్లంతా చదునైన కాన్వాసు బూట్లతోనే ఆడేవాళ్లు. ఆ నేల మీద బంతి ఎక్కడ పడితే ఎంత లేస్తుందో వాళ్లకు బాగా తెలుసు. జిల్లాలో ఏ గ్రౌండు చూసినా దాదాపు అదే నేల కాబట్టి మాకు ఎదురుండదని నా నమ్మకం. ఆ పదకొండో ఏడు నిజంగానే ఎదురు లేకపోయింది. లీగులో మేం పైన ఉన్నాం. మిగిలింది గుంతకల్లు జట్టుతో ఒకే ఒక్క ఆట, అనంతపురంలో. అది డ్రా చేసుకున్నా కప్పు మాదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన తన చివరి పడుగుకు నిలువు పోగులు సిద్ధం చేసుకుంటున్నాడు. షుగరు కళ్లకు దిగింది. పోగు తెగితే కంటితో కాదు, వేలితో వెతుక్కుని అతికేవాడు. ఇంక నేయొద్దని డాక్టరు చెప్పినా, ఒక్క చీర నేసి దిగుతానన్నాడు. అది అమ్మకు. నలభై ఏళ్లు ఊళ్లవాళ్ల పెళ్లిళ్లకు పట్టుచీరలు నేసిన మనిషి పెళ్లానికి ఒక్క పట్టుచీర లేదు. మా వీధిలో చాలామంది ఆడవాళ్లది అదే సంగతి, అందుకని ఎవరూ దాన్ని ఒక సంగతిగా అనుకోరు. నాయన మాత్రం పెళ్లయినప్పటినుంచి "నీకొకటి నేస్తాలే" అంటూనే ఉన్నాడు. రంగు అమ్మే చెప్పింది. పసుపు చీరకు ఆకుపచ్చ అంచు.

పసుపు పడుగు చూడగానే నా బుర్రలో పురుగు తొలిచింది.

"నాయనా, ఇది మా క్లబ్బు రంగే!"

"మీ యమ్మ రంగది. మీ క్లబ్బు నిన్న పుట్టినాది, మీ యమ్మ ఎప్పుడు పుట్టిందో అడుగు," అన్నాడు నాయన.

మా ఊళ్లో ఎవరినైనా గౌరవించాలంటే భుజం మీద పట్టుశాలువా కప్పాలి. కప్పు కొట్టుకొచ్చిన కెప్టెనుకు అంగట్లో దొరికే నైలాను శాలువా కప్పితే నేతగాళ్ల ఊరికి అంతకన్నా సిగ్గుచేటు లేదు. పోనీ గెలిచాక నేద్దామంటే, అక్షరాలతో శాలువా దిగేసరికి ఊరు ఆ కప్పు సంగతే మర్చిపోతుంది. కాబట్టి గెలవకముందే నేయాలి. నా వాదన అది. పడుగును ఇంకో మూడు గజాలు పొడుగు పెట్టమన్నాను. ఆటకు మూడు వారాలే టైముంది గనక ముందు శాలువా, తర్వాత చీర అన్నాను.

నాయన పసుపు పోగులను వేళ్లతో తడిమాడు. "గెలుస్తారా?" అని అడిగాడు చివరికి.

"గ్యారంటీ నాయనా."

అమ్మ కండెలు చుడుతూ తలెత్తకుండానే అంది. "నలభై ఏండ్లు ఆగినదాన్ని, నెల ఆగలేనా? వాడికంత ఆశగా ఉండాది. నెయ్యండి."

శాలువా కొంగులో 'విజేత' అని, దాని కింద ఆ సంవత్సరం. కాగితం మీద రాసిచ్చాను. బట్టలో అక్షరాలు రావాలంటే అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గం మీద కట్టాలి. ఆ చిల్లులను బట్టే ఏ పోగు లేవాలో ఏది దిగాలో మగ్గానికి తెలుస్తుంది. నాయన కాగితాన్ని కంటికి ఆనించుకుని చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అట్టలు తనే వెళ్లి కొట్టించుకొచ్చాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మగ్గం ఉన్న గది మట్టిమిద్దె. వానలకు ముందు పైన చవుడు మట్టి పరిస్తేనే కారకుండా ఉంటుంది. నాలుగేళ్లుగా మిద్దె కారేంత వాన పడలేదు. అయినా అమ్మ ప్రతి ఆదివారం గుర్తుచేసేది. ప్రతి ఆదివారం మాకు ఆట. "ఈ ఆటలు అయిపోనీమ్మా, నాలుగు తట్టలు నేనే పోస్తా. యాడుండాది వాన?" అనేవాణ్ణి. అమ్మ కూడా ఆకాశం చూసి ఊరుకునేది. ఈ ప్రాంతంలో వాన రాదని పందెం కడితే ఓడిపోయేవాళ్లు తక్కువ.

చివరి ఆట నాటి పొద్దున ఎండ చురుక్కుమంటోంది. శాలువా ఇంకా జానెడు మిగిలింది. "సాయంత్రానికి కోసి పెడతా, పో," అన్నాడు నాయన. బస్సులో అనంతపురం దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. కెప్టెను భుజం మీద శాలువా ఎవరు కప్పాలి, ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలి, ఇవన్నీ నేనే తేల్చేశాను.

మొదటి సగం మాదే. ఒక గోలు కొట్టాం, రెండోది గోలుకంబానికి తగిలి బయటికి పోయింది. విరామంలో పడమటి నుంచి మబ్బు ఎక్కింది. మేం దాన్ని పట్టించుకోలేదు, మబ్బులు చాలా చూశాం. ఆట మళ్లీ మొదలైన కాసేపటికి చినుకులు పడ్డాయి. ఇంకాసేపటికి ఎదుటి గోలుకంబం కనిపించనంత వాన. చుట్టూ జనం ఒక్కసారిగా కేకలు. గోలుకు కూడా అంత గట్టిగా అరవలేదు వాళ్లు. నా పక్కన తనకల్లు నుంచి వచ్చిన రైతు తలగుడ్డ తీసేసి మొహం ఆకాశానికి పెట్టి నవ్వుతున్నాడు.

"దీని దుంపతెగ, ఈ వానకు ఈ పొద్దే దొరికిందా!" అన్నాను.

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. "వానను తిట్టొద్దప్పా. శెనక్కాయ ఏసి ఇరవై దినాలాయె. మొలక ఎండిపోతాండాది."

నోరు మూసుకున్నాను. లోపల మాత్రం తిడుతూనే ఉన్నాను.

మావాళ్ల కాన్వాసు బూట్లు ఆ బురదలో నిలవలేదు. బంతి లేవాల్సిన చోట లేవకుండా చతికిలబడిపోయింది. గుంతకల్లు వాళ్లవి ముళ్లబూట్లు, వాళ్లు నిలబడ్డారు. ఒకటి కొట్టి సమం చేశారు. అప్పటికీ కప్పు మాదే. ఇంకో పది నిమిషాలు ఎలాగోలా గడిస్తే చాలనుకుంటూ ఉండగా మా వెనక ఆటగాడు జారి కూర్చున్నాడు, గోలుకీపరు ముందుకు దూకబోయి బోర్లా పడ్డాడు, వాళ్ల కుర్రాడు తీరిగ్గా బంతిని లోపలికి తోశాడు. విజిలు వేశాక మా ఓటమిని పట్టించుకున్నవాళ్లు కూడా లేరు. జనమంతా తడుస్తూ నవ్వుతున్నారు. డ్రిల్లు మాస్టరు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "మనోళ్లకు వాన అలవాటు లేదప్పా. నేర్పాలని నాకూ తట్టల్యా," అన్నాడు.

బస్సు సగం దారికి వచ్చాక, పక్క చేలల్లో నిలిచిన నీళ్లు చూసినప్పుడు, అప్పుడు గుర్తొచ్చింది నాకు మిద్దె. అంతదాకా నాకు ఇల్లే గుర్తు రాలేదు. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఇంటికి చేరేసరికి వాన వెలిసింది. నేసేటప్పుడు కాళ్లు దింపుకునే మగ్గం గుంతలో మోకాలి లోతు ఎర్రనీళ్లు. నాయన గుంత గట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలోనే వేలాడేసి ఉన్నాడు. మిద్దెనుంచి బురద ఇంకా బొట్లుబొట్లుగా పసుపు పడుగు మీద పడుతోంది. అమ్మ చీరకని ఉంచిన పడుగంతా ముద్దలు కట్టింది. మూలన మంచం మీద, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టార్పాలిను కప్పి ఏదో ఉంది. అమ్మ దాన్ని ఎత్తి చూపించింది. శాలువా. మిగిలిన జానెడు నేయకుండానే కోసేసి, ఒక్క చుక్క పడకుండా దాచారు.

"టార్పాలిను పడుగు మీద ఎందుకు కప్పలేదమ్మా?" అని అరిచాను. అరిచే హక్కు నాకేముందో నాకు తెలియదు.

"దారం ఎప్పుడన్నా దొరుకుతాది. నేసింది మళ్లా యాడ నేస్తాడురా మీ నాయన?" అంది.

నాయన నా అడుగుల చప్పుడు వైపు తల తిప్పాడు. "కొట్టినారా?"

నేను మంచం దగ్గరికి నడిచాను. ఆయనకు అర్థమైంది. "పోనీలే," అన్నాడు.

శాలువా చేతిలోకి తీసుకున్నాను. 'విజేత' అన్న అక్షరాలు ఆకుపచ్చగా, వంకర లేకుండా వచ్చాయి. వాటి కింద ఏమీ లేదు.

"సంవత్సరం ఏది నాయనా?"

"అట్టలు కొట్టిచ్చేటప్పుడే తీపిచ్చినా. ఎప్పుడు కొడితే అప్పుడు కప్పుదురు."

అంటే నాయన నా మాట నమ్మలేదు. నమ్మకుండానే, ఉన్న కాస్త చూపూ అమ్మ చీరకు కాకుండా దానికి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరిలో ఒక్కరు కూడా తిట్టలేదు.

పడుగును కడిగి ఆరబెట్టాం. మరక పోలేదు, పోగులు పుటుక్కుమని తెగేవి. నాయన బెత్తెడు నేశాడేమో, ఒక మధ్యాహ్నం అడ్డపోగు తోసే నాడె పక్కన పెట్టి గుంతలోంచి పైకొచ్చాడు. మళ్లీ దిగలేదు. దసరాకు ముందే చూపు పూర్తిగా పోయింది. నేను మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాను, ఇప్పటికీ అక్కడే. ఒకసారి అమ్మకు అంగట్లో పట్టుచీర కొనుక్కొచ్చాను, అదే పసుపు, అదే అంచు. "బాగుండాది," అని మడత విప్పకుండా పెట్టెలో పెట్టింది. ఇంతవరకూ కట్టలేదు.

మూడేళ్ల తర్వాత నాయన పోయాడు. ఆయన చేత్తో చివరిగా నేసింది గదా, ఆ శాలువానే కప్పి సాగనంపుదామని బంధువు ఒకాయన అన్నాడు. నాకూ అదే న్యాయం అనిపించింది. అంత ఏడుపులోనూ అమ్మ అడ్డం వచ్చింది. "అది ఆటాడేటోళ్లది. కొట్టినాక కప్పాలని నేసినాడు. ముట్టుకోవాకండి." ఆయనను నూలుపంచెతోనే పంపాం.

అప్పటినుంచి ఏటా ఆటల కాలం దగ్గరపడగానే అమ్మ శాలువా తీసి నీడపట్టున ఆరేస్తుంది. చిమ్మట కొట్టిందేమోనని అంగుళం అంగుళం తడిమి చూస్తుంది. తర్వాత నన్ను అడుగుతుంది, ఈసారి కొడతారా అని. ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందన్నది తప్ప ఆ ఆట గురించి ఆమెకు ఇంకేమీ తెలియదు. నేను "చూద్దామ్మా" అనేవాణ్ణి. ఆ వాన తర్వాత నేను ఎవరికీ గ్యారంటీ ఇవ్వలేదు. టీకొట్టు దగ్గర కూడా నన్ను కదిలించడం మానేశారు.

ఈ ఏడు వేసవిలో మా క్లబ్బు మూతపడింది. కుర్రాళ్లలో సగం మంది బెంగళూరు పనులకు వెళ్లిపోయారు. గ్రౌండులో ప్లాట్లు వేసి హద్దురాళ్లు పాతారు. డ్రిల్లు మాస్టరు పిలిచిన చివరి మీటింగుకు మేం ఆరుగురం వచ్చాం. గోలుకంబాలు బడికి ఇచ్చేద్దామని అందరూ అన్నారు, నేనూ సరే అన్నాను. అంతకుమించి మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే వచ్చాను.

మొన్న ఆదివారం షెడ్డుకు సెలవు. అమ్మ వసారాలో దండెం మీద శాలువా వేసి, కిందకు వేలాడే కొంగును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వయసుకు ఆమె చూపూ తగ్గింది. నాయన పోగులు వెతికినట్టే వేలితో ఒక్కో అక్షరం తడుముతోంది.

"ఈసారన్నా కొడతారా నాయనా?" అని నన్ను అడిగింది.

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అక్షరాల కింద నాయన వదిలేసిన చోటు ఖాళీగా, ఇంకా పసుపుపచ్చగా ఉంది.

"కొడతామమ్మా," అన్నాను. "ఈసారి గ్యారంటీ."